ఎమల్షన్ తప్పా, ఆరబెట్టడంలో తప్పా?

స్క్రీన్ కడుగుతుంటే అక్షరాలతో పాటు చుట్టూ ఉన్న పొర కూడా ఊడి వచ్చేసింది. స్క్రీన్ ప్రింటింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. వెంటనే ఎమల్షన్ బాగాలేదని డబ్బా మార్చేస్తారు. నా లెక్కలో చాలాసార్లు తప్పు డబ్బాది కాదు. పొర సరిగా ఆరకపోవడమో, వెలుతురు చాలకపోవడమో అసలు కారణం.

ఎమల్షన్ అంటే అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే జిగురు. ఎండలో ఉండి కంటికి కనిపించని కాంతి అది. జిగురు పూసిన స్క్రీన్ మీద పెట్టే పారదర్శక ఫిల్మ్ మీది నల్లటి డిజైన్ అడ్డుపడిన చోట జిగురు గట్టిపడదు, నీళ్లకు కరిగిపోతుంది. ఆ సందుల్లోంచే రంగు దిగుతుంది.

మరి ఏది కొనాలి? ముందు మీ రంగు ఏదో చూసుకోండి. గుడ్డసంచులకు వాడే నీటి రంగులైతే నీటికి తట్టుకునే ఎమల్షన్ కావాలి. థిన్నర్‌తో తుడిచే రంగులతో శుభలేఖలు వేసేవాళ్లకు థిన్నర్ లాంటి సాల్వెంట్‌కు తట్టుకునేది కావాలి. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే ప్రింట్లు సగంలో ఉండగానే పొర మెత్తబడుతుంది.

తర్వాత రకం. డయాజో ఎమల్షన్‌లో సెన్సిటైజర్, అంటే జిగురుకు కాంతిని గుర్తించే గుణం ఇచ్చే మందు, మనమే కలుపుకోవాలి. కలిపాక మామూలు గదిలో కొద్ది వారాలే నిలుస్తుంది, కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కలపండి. ఫోటోపాలిమర్ కలిపే పని లేకుండా సిద్ధంగా వస్తుంది, చాలా త్వరగా గట్టిపడుతుంది. డ్యూయల్ క్యూర్ ఈ రెండింటి కలయిక. త్వరగా అయ్యేదే మంచిదనిపిస్తుంది కానీ లెక్క చూడండి. 6 నిమిషాల పనిలో 15 సెకన్లు అటూ ఇటూ అయితే తేడా 4 శాతం. 20 సెకన్ల పనిలో 5 సెకన్లు తప్పితే తేడా 25 శాతం. టైమర్ లేకుండా గడియారం చూసి చేసేవాళ్లకు డయాజోనే నయం.

మెష్, అంటే స్క్రీన్‌కు బిగించే జాలిగుడ్డ, కొనేటప్పుడు 120 అంటే అంగుళానికా, సెంటీమీటరుకా అని అడగండి. సెంటీమీటరుకు 120 దారాలంటే అంగుళానికి దాదాపు 305. రెండూ వేరే గుడ్డలు. దారాలు పలచగా ఉన్న మెష్ మీద జిగురు మందంగా నిలుస్తుంది, దానికి వెలుతురూ ఎక్కువసేపు కావాలి.

ఇక ఆరబెట్టడం. చాలా ఎమల్షన్లలో సగానికి పైగా నీరే. వేలికి అంటకపోతే ఆరినట్టే అనుకోకండి, లోపల తడి ఉంటుంది. ఆ తడి ఉన్నచోట ఎంత వెలుతురు చూపించినా జిగురు సరిగా గట్టిపడదు. వానాకాలంలో కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ఫ్యాన్ పెడితే అది ఆ తేమ గాలినే తిప్పుతుంది. మూసిన పెట్టెలో 40 డిగ్రీలు దాటకుండా వెచ్చదనం ఇవ్వండి, తేమ బయటికి పోయే దారి ఉంచండి. ఆరేంతవరకూ పసుపు బల్బు వెలుగే ఉండాలి.

ఎన్ని నిమిషాలు అన్నది పక్క షాపువాళ్లను అడిగితే తేలదు. వాళ్ల బల్బు వేరు, దూరం వేరు. ఒకే బల్బు వాడుతుంటే దూరం రెట్టింపయితే సమయం నాలుగింతలు అవుతుంది. 30 సెంటీమీటర్ల దూరంలో 4 నిమిషాలు పట్టేది, 60కి జరిపితే 16 నిమిషాలు పడుతుంది. వరుసగా ట్యూబులు అమర్చిన పెట్టెకు ఈ లెక్క ఇలాగే వర్తించదు.

అందుకే పరీక్ష మీరే చేసుకోండి. ఫిల్మ్ పెట్టి స్క్రీన్ మొత్తానికి 2 నిమిషాలు వెలుతురు ఇవ్వండి. ఐదో వంతును నల్ల అట్టతో మూసి ఇంకో 2 నిమిషాలు, అట్టను ఇంకో వంతు జరిపి మళ్లీ 2. ఇలా 2, 4, 6, 8, 10 నిమిషాల పట్టీలు ఐదు వస్తాయి. డయాజో అయితే తక్కువ వెలుతురు తగిలిన పట్టీలో పసుపు ఛాయ మిగిలి ఉంటుంది. ఏ రెండు పక్కపక్క పట్టీల మధ్య రంగు తేడా కనిపించదో, వాటిలో తక్కువ సమయానిదే మీ నిమిషాలు.

కడిగేటప్పుడు లోపలి వైపు వేలితో తాకండి. బంకగా జారితే వెలుతురు చాలలేదు. సన్నగీతలు తెరుచుకోకపోతే ఎక్కువైంది, లేదా ఫిల్మ్ మీది నలుపు పలచగా ఉండి కాంతి దూరింది. ఫిల్మ్‌ను కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే తెలిసిపోతుంది. సూదిమొనంత చిల్లులు పడితే మెష్ మీద దుమ్మో, జిడ్డో ఉన్నట్టు; జిగురు పూసే ముందు మెష్‌ను బాగా కడిగి ఆరబెట్టాలి.

చివరిగా ఒక మనవి. ఖర్చు తక్కువని ఇప్పటికీ కొందరు బైక్రోమేట్ కలిపిన జిగురు వాడుతున్నారు. అందులోని క్రోమియం క్యాన్సర్ కలిగించే పదార్థం. దయచేసి దాన్ని మానేసి డయాజోకు మారండి. మారేలోగా చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, కడిగిన నీళ్లను కాలువలో పోయొద్దు.