పుస్తకానికి సైకిలు చాలదు

ఢిల్లీలో హిందీ భవన్ ముందున్న కాలిబాటపై లక్ష్మణ్ రావు అనే రచయిత ఏళ్ల తరబడి టీ అమ్మారు. పొయ్యి పక్కనే తాను రాసిన హిందీ నవలలు పేర్చి ఉంచేవారు. మహారాష్ట్రలోని అమరావతి ప్రాంతం నుంచి 1975లో రాజధానికి వచ్చిన ఆయనను ప్రచురణకర్తలు ఆదరించలేదు. 1979లో తొలి పుస్తకాన్ని స్వంత ఖర్చుతో అచ్చు వేసుకున్నారు. సైకిలుపై పుస్తకాలు పెట్టుకుని పాఠశాలల చుట్టూ తిరిగారు. 1984లో ప్రధాని ఇందిరాగాంధీని కలుసుకోగలిగారు.

స్వయంగా అచ్చు వేసుకునే మన రచయితలకు ఇందులో పాఠం కద్దు. ఆవిష్కరణ సభకు హాలు అద్దె, శాలువాలు, పూలదండలు, ఫలహారాలు తప్పవు. తీరా సభికులలో పుస్తకం కొన్నవారెందరో రచయితకే ఎరుక. లక్ష్మణ్ రావు వెచ్చించినది కాళ్ల సత్తువ మాత్రమే. వ్యక్తి కొన్న ప్రతి బీరువాలో నిద్రపోవచ్చు. పాఠశాల గ్రంథాలయం కొన్న ప్రతి ఎన్నో చేతులు మారుతుంది.

ఖర్చులేని మరొక పని ఉంది. నాకు అభిప్రాయార్థం వచ్చే తెలుగు పుస్తకాలలో కొన్నింటిపై వెల ఉండదు, దొరికే చోటు ఉండదు. ఒక కథల సంపుటిని రైలులో ఏకబిగిన చదివి, ఇక్కడి తెలుగు మిత్రులకు చెప్పాను. ఎక్కడ దొరుకుతుందని వారడిగితే నా వద్ద సమాధానం లేదు. ఆ రచయితకు కలిగిన నష్టం ఒక్క వాక్యం అచ్చు వేయకపోవడం వల్ల వచ్చినదే.

అయితే సైకిలు ఊరి పొలిమేర దాటదు. ఆపైన తపాలాయే దిక్కు. పుస్తకాలకు చౌకగా ఉండిన రిజిస్టర్డ్ బుక్‌పోస్టు సేవ 2024 డిసెంబరులో నిలిచిపోయింది. 2025 మే 1న ‘జ్ఞాన్ పోస్ట్’ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం అన్నది ప్రారంభపు రేటు. పుస్తకంపై ముద్రాపకుని లేదా ప్రచురణకర్త పేరు ఉండాలన్నది షరతు.

ఈ లెక్కను రచయితలు గమనించాలి. 300 గ్రాముల పుస్తకాలు పదిహేను ఒక్క కట్టగా కడితే నాలుగున్నర కిలోలు. ఆ రేటున పన్ను మినహా ప్రతి ఒక్కింటికి ఏడు రూపాయలు మించదు. ఊరికొక మిత్రుడు ఆ కట్ట విప్పి పంచిపెడితే అంతకన్న చౌకైన ప్రచారం వేరే లేదు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. ఒకప్పుడు తపాలా రేట్ల మార్పులు బడ్జెట్‌తోపాటు లోక్‌సభ ముందుకు వచ్చేవి. కార్డు ధర అర్ధణా పెరిగినా సభ్యులు లేచి నిలదీసేవారు. 1898 నాటి చట్టం స్థానే వచ్చిన 2023 తపాలా చట్టం రేట్లు నిర్ణయించే అధికారాన్ని డైరెక్టర్ జనరల్‌కు అప్పగించింది. రేటు పెరిగినా సేవ ఆగినా సభ ఆమోదంతో నిమిత్తం లేదు.

కాబట్టి రచయితలు తమ పుస్తకం ఒక ప్రతిని తమ పార్లమెంటు సభ్యునికి కూడా పంపడం మేలు. దానితోపాటు ఒక కార్డు ముక్క ఉండాలి. పొగడ్త కోసం కాదు. పుస్తకానికి తపాలా ఖర్చు పెరగకుండా సభలో ఒక్క ప్రశ్న వేయమని.