నర్సింగ్‌కు దగ్గరి దారి ఎవరికి ఉంది, ఎవరికి లేదు?



పదో తరగతి పేరెంట్స్ మీటింగ్‌లో "ఇంటర్‌లో ఏ గ్రూప్ ఇప్పించాలి?" అనే ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. ఇంజినీరింగ్, మెడిసిన్ గురించి మీకు మాకంటే ఎక్కువే తెలుసు. ఈ మధ్య నర్సింగ్ గురించి అడిగే తల్లిదండ్రులు కూడా కనిపిస్తున్నారు. మన నెల్లూరు, కావలి, ముత్తుకూరు వైపు గల్ఫ్‌లోనో అమెరికాలోనో బంధువులున్న ఇళ్లు చాలా. అక్కడి కబుర్లు ఫోన్‌లో ఇక్కడికి చేరుతుంటాయి. వాటిలో ఒకటి మాత్రం నాకు పదే పదే వినిపిస్తోంది. "అమెరికాలో ఏడాదిన్నరకే నర్సింగ్ అయిపోతుందంట కదా మేడమ్, మరి ఇక్కడ నాలుగేళ్లు ఎందుకు?"

ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మిగతా సగం తెలియకుండా గ్రూప్ ఎంచుకుంటే తర్వాత సరిదిద్దుకోవడం కష్టం. అందుకే ఈ నెల ఆ విషయం వివరంగా చెప్పుకుందాం.

ఏడాదిన్నర కోర్సు ఎవరి కోసం?

అమెరికాలో దాన్ని యాక్సిలరేటెడ్ బీఎస్సీ నర్సింగ్ అంటారు. కాలేజీని బట్టి సుమారు 11 నుంచి 18 నెలలు ఉంటుంది. అయితే అది ఇంటర్ పాసైన పిల్లల కోసం పెట్టింది కాదు. అప్పటికే వేరే సబ్జెక్టులో డిగ్రీ పూర్తి చేసినవాళ్ల కోసం పెట్టింది. వాళ్లు డిగ్రీలో చదివేసిన జనరల్ సబ్జెక్టులను మళ్లీ చదివించకుండా, నర్సింగ్ సబ్జెక్టులను, ఆస్పత్రి ట్రైనింగ్‌ను సెలవులు లేకుండా వరసగా పూర్తి చేయిస్తారు. అంటే అక్కడ చదువు తగ్గలేదు. ముందు చదివిన నాలుగేళ్లు లెక్కలోకి వచ్చాయి, అంతే.

ఈ దారి మన తెలుగువాళ్లకు ఎప్పుడు పనికొస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఇక్కడ బీటెక్ చదివి, పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసా మీద అమెరికా వెళ్లిన అమ్మాయి అనుకోండి. ఆమె చేతిలో డిగ్రీ ఉంది కాబట్టి ఈ కోర్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ముందుగా అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ, న్యూట్రిషన్ లాంటి సబ్జెక్టులు అక్కడి కాలేజీలో విడిగా పాసవ్వాలి. సైన్స్ సబ్జెక్టులు ఇటీవలి సంవత్సరాల్లో చదివినవే అయ్యుండాలని చాలా కాలేజీలు అడుగుతాయి. ఇంటర్, బీటెక్ ఎంపీసీ దారిలో చదివినవాళ్లకు ఈ సబ్జెక్టులకే ఏడాది పట్టవచ్చు.

ఆ తర్వాత మన యూనివర్సిటీ మార్కులను అక్కడి పద్ధతిలో లెక్కగట్టించాలి. ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. ఈ వృత్తిలోకి ఎందుకు వస్తున్నారో సొంత మాటల్లో వ్యాసం రాసివ్వాలి, టీచర్ల నుంచో పై అధికారుల నుంచో సిఫార్సు లేఖలు తేవాలి. సీటు వచ్చాక టీకాల రికార్డు, క్షయ పరీక్ష, సీపీఆర్ సర్టిఫికెట్ చూపిస్తేనే ఆస్పత్రి వార్డులోకి రానిస్తారు. కోర్సు జరిగినన్నాళ్లు ఉద్యోగం పెట్టుకోవద్దని కాలేజీలే చెబుతాయి. చివర్లో ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ అనే లైసెన్స్ పరీక్ష ఉంటుంది. కంప్యూటర్ మీద 85 నుంచి 150 ప్రశ్నలు, 5 గంటల సమయం. ఇంకో మాట. హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు గానీ, ఉద్యోగం చేయడానికి విడిగా అనుమతి కావాలి. ఫీజు కట్టే ముందే చూసుకోవాల్సిన విషయం ఇది.

ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో కూడా డిగ్రీ ఉన్నవాళ్లకు సుమారు రెండేళ్ల నర్సింగ్ మాస్టర్స్ కోర్సులు ఉన్నాయి. అవి కూడా డిగ్రీ తర్వాతే.

మన దేశంలో లెక్క వేరు

ఇక్కడ అలాంటి తగ్గింపు లేదు. బీఎస్సీ బోటనీ పాసైనా, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసినా నర్సింగ్‌కు వస్తే మొదటి ఏడాది నుంచే చదవాలి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి ఉండాలి, జనరల్ విద్యార్థులకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి కనీసం 45 శాతం మార్కులు రావాలి. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి.

ఇక్కడే గ్రూప్ సంగతి వస్తుంది. మీ పాప గానీ బాబు గానీ నర్సింగ్ వైపు కొంచెమైనా ఆసక్తి చూపిస్తుంటే బైపీసీ ఇప్పించండి. ఎంపీసీ తీసుకుంటే బీఎస్సీ నర్సింగ్ తలుపు మూసుకున్నట్టే.

మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమాకు ఇంటర్ ఏ గ్రూపైనా, ఇంగ్లిష్‌తో 40 శాతం మార్కులుంటే అర్హత ఉంది. అయితే సైన్స్ చదివినవాళ్లకు ప్రాధాన్యం. జీఎన్‌ఎం చేసినవాళ్లు ఇంకో రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివితే డిగ్రీ వస్తుంది. మన దేశంలో ముందు చదివిన నర్సింగ్‌ను లెక్కలోకి తీసుకునే దారి ఇదే. కూడి చూస్తే ఐదేళ్లు. నేరుగా డిగ్రీలో చేరితే నాలుగే. మూడేళ్లకు సంపాదన మొదలవ్వాల్సిన కుటుంబానికి జీఎన్‌ఎం మంచి దారి. ఆ తొందర లేకపోతే బీఎస్సీకే వెళ్లడం మేలు.

దరఖాస్తు ఎక్కడ చేయాలి?

మన రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ సీట్ల భర్తీని విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చూస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో కన్వీనర్ కోటా సీట్లకు ఏపీ ఈఏపీసెట్ అగ్రికల్చర్-ఫార్మసీ విభాగం ర్యాంకు చూస్తున్నారు. ఆ పరీక్షలో 160 ప్రశ్నలుంటాయి. వాటిలో 80 బోటనీ, జువాలజీ నుంచే వస్తాయి. తప్పు జవాబుకు మార్కు కోయరు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఈఏపీసెట్ రాస్తే సరిపోదు. ఫలితాలొచ్చాక యూనివర్సిటీ నర్సింగ్ కోసం ఇచ్చే నోటిఫికేషన్ చూసుకుని విడిగా దరఖాస్తు చేయాలి. నియమాలు ఏటా కొంత మారుతుంటాయి. కాబట్టి పక్కింటి వాళ్లు పోయినేడు చేసినట్టే చేయకుండా ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

ఇవి కాక మరో రెండు దారులున్నాయి. ఎయిమ్స్ సంస్థలు నర్సింగ్‌కు సొంత ప్రవేశ పరీక్ష పెడతాయి. సైన్యంలోని మిలిటరీ నర్సింగ్ సర్వీస్ కాలేజీలు అమ్మాయిలను నీట్ స్కోరు ఆధారంగా పిలుస్తాయి. చదివాక సైన్యంలో నర్సింగ్ ఆఫీసర్‌గా పనిచేస్తామని బాండ్ రాసివ్వాలి. అంటే ఎంబీబీఎస్ కోసం నీట్‌కు చదివిన చదువు ఇక్కడ కూడా పనికొస్తుంది.

డబ్బు కట్టే ముందు

మైపాడు దగ్గర రొయ్యల చెరువులున్న ఒక తండ్రి నాతో మాట్లాడారు. వేరే రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ సీటు, చదివాక విదేశంలో ఉద్యోగం, రెండూ తామే ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ చెప్పిందట. అడ్వాన్స్ కట్టమన్నారు. "కాలేజీకి ఆస్పత్రి ఏది?" అని ఆయన అడిగితే జవాబు లేదు. ఆయన డబ్బు కట్టకుండా వచ్చేశారు. చెరువు లీజుకు తీసుకునే ముందు నీళ్లు, మట్టి పరీక్ష చేయించే మనిషి కదా, కాలేజీని కూడా అలాగే చూశారు.

మీరు కూడా ఈ నాలుగూ అడగండి.

ఒకటి, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? రెండు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్ జాబితాలో కాలేజీ పేరు ఉందా? బోర్డు మీద రాసుకున్నది కాదు, జాబితాలో మీ కళ్లతో చూడాలి. మూడు, డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏది? నాలుగు, పిల్లలు ట్రైనింగ్‌కు వెళ్లే ఆస్పత్రి ఎక్కడుంది, ఎన్ని పడకలు, రోజూ రోగులు వస్తారా? కాలేజీకి కనీసం 100 పడకల ఆస్పత్రి ఉండాలన్నది కౌన్సిల్ నియమం. ఒకరోజు ఓపీ సమయంలో వెళ్లి కూర్చుంటే మీకే అర్థమవుతుంది. రోగులు లేని ఆస్పత్రిలో నర్సింగ్ నేర్చుకోవడం నీళ్లు లేని చెరువులో ఈత నేర్చుకోవడం లాంటిది.

విదేశీ ఉద్యోగాల విషయంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కువైట్, సౌదీ వంటి దేశాలకు నర్సులను ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థల ద్వారానే తీసుకోవాలని కేంద్రం 2015లో నియమం పెట్టింది. ఎవరైనా ఏజెంట్ ఆఫర్ లెటర్ చూపిస్తే ముందు ఆ సంస్థకు అధికారం ఉందో లేదో తెలుసుకోండి.

తయారీ స్కూల్లోనే మొదలవుతుంది

ఒక ఇంగ్లిష్ టీచర్‌గా నాకు సంతోషం కలిగించే విషయం ఏమిటంటే, బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీతో పాటు కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ కూడా ఒక సబ్జెక్టు. ఎందుకో వార్డులో చూస్తే తెలుస్తుంది. పెద్దాయన ఒకరు "కడుపులో తిప్పతా ఉండాదమ్మా, కళ్లు బైర్లు కమ్ముతా ఉండాయి" అంటారు. ఆ మాటను ఓపిగ్గా తెలుగులో విని, కేస్ షీట్ మీద తప్పు లేకుండా ఇంగ్లిష్‌లో రాయాలి. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు క్లుప్తంగా చెప్పాలి. రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లలకే అది సులువు. అందుకే ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ పాడవుతుందేమోనని భయపడకండి. తాతయ్య చెప్పిన మాటను పిల్లలతో ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలుగా రాయించండి. మంచి అభ్యాసం. ఇంగ్లండ్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఆ స్థాయి మూడు నెలల కోచింగ్‌తో వచ్చేది కాదు.

తర్వాత లెక్కలు. బైపీసీ అంటే లెక్కలు ఉండవని పిల్లలు సంబరపడతారు. కానీ నర్సుకు నిష్పత్తులు, దశాంశాలు రోజూ కావాలి. 5 మిల్లీలీటర్ల సిరప్‌లో 125 మిల్లీగ్రాముల మందు ఉంది. డాక్టర్ 250 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారు. అంటే 10 మిల్లీలీటర్లు. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. ఒక మిల్లీలీటర్‌కు 20 చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఇవి ఏడో తరగతి లెక్కలే. పరీక్షలో దశాంశ బిందువు తప్పితే ఒక మార్కు పోతుంది. వార్డులో తప్పితే రోగికి పదింతల మందు పోతుంది.

మూడోది కాగితాల పని. పదో తరగతి నామినల్ రోల్స్‌కు పేరు, పుట్టిన తేదీ ఇచ్చేటప్పుడు ఆధార్‌తో సరిచూడండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టు, లైసెన్స్ దరఖాస్తుల్లో అది పెద్ద తలనొప్పి. చిన్నప్పటి టీకాల కార్డును కూడా భద్రంగా ఉంచండి. ఇరవై ఏళ్లు వచ్చాక అవసరం పడే కాగితం అది.

ఒక్క మాట పిల్లలతో

"నర్సింగా? ఇంత ఫీజు కట్టి చదివించింది అందుకా?" అనే మాట పిల్లల ముందు అనకండి. మనకు దగ్గరలోని వేలూరు సీఎంసీలో నర్సింగ్ స్కూల్ 1909లో మొదలైంది. 1946లోనే అక్కడ డిగ్రీ కోర్సు వచ్చింది. మన ఇళ్లలో ఎంతోమంది వైద్యానికి అక్కడికి వెళ్లి, నర్సుల గురించి గొప్పగా చెప్పుకుంటూ తిరిగొచ్చినవాళ్లే. ఆ గౌరవం మన పిల్లలకు కూడా ఇద్దాం. ఇది అబ్బాయిలు కూడా చదివే చదువు.

అలాగని నీట్‌లో ర్యాంకు రాలేదు కాబట్టి నర్సింగ్‌లో చేర్చేద్దాం అనుకోవడం కూడా సరికాదు. రాత్రి డ్యూటీలు, రక్తం, వాంతులు, ఏడ్చే బంధువులు, ఇవన్నీ ఈ పనిలో భాగం. ఇంట్లో నాయనమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు మీ పాప దగ్గర కూర్చుంటుందా, మందుల వేళ గుర్తుపెట్టుకుంటుందా, చీదరించుకోకుండా చేయి పట్టుకుని నడిపిస్తుందా గమనించండి. తర్వాత తననే అడగండి. తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే ఒక ఆదివారం వాళ్లతో కూర్చోబెట్టి మాట్లాడించండి. మంచీ చెడూ రెండూ వాళ్లే చెబుతారు.

విదేశాల్లోని ఆ ఏడాదిన్నర దారి ఎక్కడికీ పోదు. రేపు మీ అమ్మాయి వేరే డిగ్రీ చదివి, పాతికేళ్ల వయసులో మనసు మార్చుకుంటే అప్పుడు అది పనికొస్తుంది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న బిడ్డకు మాత్రం అన్నిటికంటే దగ్గరి దారి బైపీసీ, ఆపై నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగే.

గ్రూప్ విషయంలో సందేహాలుంటే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మీ పాపను, బాబును వెంటబెట్టుకుని రండి. వాళ్ల ముందే మాట్లాడుకుందాం.