మీకు తెలుసా? వందమందికి శ్రుతి ఒక్క ఓబోదే!

సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలో, కండక్టర్ వేదిక ఎక్కకముందే దాదాపు వందమంది వాద్యకారులకు శ్రుతి ఇచ్చేది ఒకే ఒక్క వాద్యం: ఓబో. మన సన్నాయిలాగే రెండు రెల్లు రేకుల మధ్య గాలి ఊది పలికించే ఈ వాద్యం ‘ఎ’ స్వరం పట్టగానే మిగతావన్నీ దానితో శ్రుతి కలుపుతాయి. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆ స్వరానికి సెకనుకు 440 కంపనాలని ఖరారు చేసింది. అయినా కొన్ని ఆర్కెస్ట్రాలు 442 పాటిస్తాయి. ఓబో శ్రుతి మారదు కాబట్టే దానికి ఈ పెద్దరికం అంటారు కొందరు. అదే నిజమైతే ఓబో వాద్యకారులు శ్రుతి కొలిచే ట్యూనర్ చూసుకోనక్కర్లేదు. నిజానికి పెదవి బిగువును బట్టి ఓబో శ్రుతీ కదులుతుంది. ఎంత సందడిలోనైనా స్పష్టంగా వినిపించే పదునైన నాదమే దాని అసలు అర్హత. వేదికపై పియానో ఉంటే మాత్రం ఓబో కూడా దాని శ్రుతికే కలవాలి. పియానో తీగలను అప్పటికప్పుడు సవరించడం కుదరదు.