వాయిదాల వెల

న్యాయస్థానమున కెక్కినవానికి ఖర్చనగానే కోర్టు రుసుము, వకీలు ఫీజు, నకళ్ల రుసుము మనకు జ్ఞప్తికి వచ్చును. ఇంతకంటె పెద్ద ఖర్చొకటి కలదు. అది ఏ రసీదులోను వ్రాయబడదు, ఏ బడ్జెటులోను కానరాదు. కక్షిదారులును సాక్షులును తమ పనులు మానుకొని పట్టణమునకు వచ్చి, ప్రొద్దు గ్రుంకువరకు కోర్టు వరండాలో నిలిచి, మరియొక తేదీ తెలిసికొని రిక్తహస్తములతో మరలిపోవు దినముల వెల యది. ఈ వెల నెవరు చెల్లించుచున్నారు, దీనివలన నెవరు లాభించుచున్నారు అని విచారించుట ప్రజాక్షేమము గోరువారి కెల్లరకు కర్తవ్యము.

బెంగుళూరునందలి దక్ష్ అను సంస్థవారు 9,000 మందికి పైబడిన కక్షిదారుల నడిగి 2016లో నొక లెక్క ప్రకటించిరి. సివిలు కక్షిదారు ఒక్కొక్క వాయిదాకు సగటున 497 రూపాయలు వ్యయము చేయుచున్నాడనియు, ఆనాటి కూలియో వ్యాపారమో పోవుటచే మరి 844 రూపాయలు నష్టపోవుచున్నాడనియు అందు తేలినది. చేతినుండి పోయిన సొమ్ముకంటె చేతికి రాక పోయిన సొమ్మే యెక్కుడని గమనింపదగును. ఈ లెక్కను బట్టి యిరువది వాయిదాలు తిరిగిన ఒక్క మనుష్యునికి 26,820 రూపాయల నష్టము. ప్రతివాదికిని అంతియే యనుకొన్నచో ఒక్క దావాలో 53,640 రూపాయలు. ఇందు వకీలు ఫీజు చేరలేదు. ఇట్లు పోయిన కూలియు వ్యాపారమును దేశపు స్థూలోత్పత్తిలో నూటికి దాదాపు అరవంతు, అనగా 0.48 వంతు, కాగలదని ఆ సంస్థ అంచనా. జిల్లా కోర్టులలోను వాని దిగువ కోర్టులలోను తెమలక నిలిచిన వ్యవహారములు 2024 నాటికి 4 కోట్ల 40 లక్షలకు మించియుండగా, ఈ అంచనా అతిశయోక్తి యనుటకు వీలులేదు.

నష్టమే యుండి యెవ్వరికిని లాభము లేకున్నచో ఈ దుస్థితి యింతకాలము నిలిచియుండదు. లాభించువా డొకడు కలడు. అతడు బాకీ చెల్లింప నిష్టములేని ప్రతివాది. మన పల్లెలలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అనగా సాలునకు ఇరువదినాలుగు, సామాన్యము. సివిలు ప్రొసీజరు కోడు 34వ సెక్షను ప్రకారము దావా నడుచు కాలమునకు వడ్డీ న్యాయాధిపతి యుక్తమని తోచినంత; డిక్రీ తరువాత వర్తక వ్యవహారములలో దక్క నూటికి సాలునకు ఆరు మించరాదు. లక్ష రూపాయల డిక్రీ పదియేండ్లు అమలుగాక నిలిచిన, బజారు వడ్డీ 2,40,000 కావలసిన చోట 60,000తో సరిపోవును. మిగిలిన 1,80,000 బాకీదారునికి వాయిదాలు పెట్టిన బహుమానము. ఇంత చౌకగా అప్పిచ్చు బ్యాంకు దేశమున మరియొకటి లేదు! డిక్రీ పొందిననేమి? అమలు దరఖాస్తులే 8,82,000కు పైగా నిలిచియున్నట్లు 2025లో సుప్రీముకోర్టు తెప్పించుకొన్న లెక్కలో తేలెను. ఆరు మాసములలో అమలు ముగింపవలెనని ఆ కోర్టే 2021లో ఆజ్ఞాపించియుండెను.

భూమి సంగతి మరింత శోచనీయము. వ్యాజ్యమందున్న ఆస్తి నెవడు కొన్నను తుదితీర్పునకు లోబడవలసినదే యని 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టము 52వ సెక్షను విధించుచున్నది. న్యాయమైన నిబంధనయే. కాని వ్యాజ్యము పదియేండ్లు సాగినప్పు డా భూమిని సరియగు ధరకు కొనువాడు లేడు, హామీగా గ్రహించు బ్యాంకు లేదు. రేపు తనకు దక్కునో దక్కదో తెలియని పొలమున బోరు వేయించు రైతెవడు? ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెను అని మన పెద్దలూరక యనలేదు.

ఇక పనిదినముల మాట. న్యాయవాదుల బహిష్కారములచే పోయిన దినములను లా కమీషనువారు 2017లో తమ 266వ నివేదికలో లెక్కించిరి. 2012 మొదలు 2016 వరకు డెహరాడూన్ జిల్లాలో 455 దినములు, హరిద్వారములో 515 దినములు ఇట్లు పోయినవి. అనగా హరిద్వారములో సాలునకు సగటున 103 దినములు! మన తెలుగుదేశ మీ వ్యాధికి దూరము కాదు. 2011 సకలజనుల సమ్మెలో తెలంగాణమునందును, 2013లో సమైక్యోద్యమకాలమున కోస్తా రాయలసీమలందును, 2016లో న్యాయాధికారుల పంపకము సందర్భమున మరల తెలంగాణమునందును న్యాయవాదులు కోర్టులు విడిచి వెలుపలికి వచ్చిరి. 2023 చివరను 2024 మొదటను భూమిహక్కుల చట్టమునకు ప్రతిగా ఆంధ్రప్రదేశమున బహిష్కారము వారములతరబడి సాగెను.

ఈ యుద్యమముల యుక్తాయుక్తములను ఇచట చర్చింపము. కొన్ని ఆక్షేపణలు సహేతుకములే. భూతగాదాలను సివిలు కోర్టుల చేతినుండి తప్పించిన ఆ చట్టము 2024లో రద్దయ్యెను గదా! కాని కారణము మంచిదైనంత మాత్రమున సాధనము మంచిదగునా? 1920 డిసెంబరులో నాగపూరు కాంగ్రెసు కోర్టుల బహిష్కారమును స్థిరపరచినప్పుడు, టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసులో వేలకొలది ఆర్జన గల బారిష్టరు వృత్తిని పరిత్యజించిరి. ఆ బహిష్కారమున నష్టపడినవాడు బహిష్కరించినవాడే. అందుచేతనే యది త్యాగమయ్యెను. నేటి బహిష్కారమున వకీలుగారి వకాలతు నిలిచియే యుండును, ఫీజు మరియొక వాయిదాకు నిలువయుండును. నష్టపడువాడు మన్యమునుండియో పాలమూరునుండియో బస్సెక్కి వచ్చిన కక్షిదారు. న్యాయవాదులకు సమ్మెచేయు హక్కుగాని, కోర్టు బహిష్కారమునకు పిలుపునిచ్చు హక్కుగాని లేదని సుప్రీముకోర్టు 2002 డిసెంబరులో హరీష్ ఉప్పల్ వ్యాజ్యమున నిర్ణయించియున్నది.

అయితే నేరమంతయు న్యాయవాదులదే యనుట అన్యాయము. పది లక్షల జనమునకు పది పదకొండుగురు మాత్రమే న్యాయాధిపతులున్నారు, ఏబదిమంది వలయునని లా కమీషను 1987లోనే చెప్పెను. అయిదేండ్లలో ఆ సంఖ్య పూర్తిచేయుడని సుప్రీముకోర్టు 2002లో ఆదేశించెను. 2024 నాటికి ప్రభుత్వమువారు పార్లమెంటున చెప్పిన సంఖ్య ఇరువదియొకటి! తానే కోర్టుల కెక్కు పెద్ద కక్షిదారైన ప్రభుత్వము, న్యాయాధిపతుల జీతములయెడ పొదుపరియై, ప్రజల దినముల విషయమున దుబారా చేయుచున్నది. ఒక్క న్యాయాధిపతి యెదుట ఒక్కనాడే నూరు వ్యవహారములు పిలువబడినచో, తొంబది వాయిదా పడక తప్పునా?

చట్టములు లేకపోలేదు. ఒక పక్షమునకు మూడు వాయిదాలకు మించరాదని కోడు 17వ ఆర్డరు 2002 జూలైనుండి శాసించుచున్నది. అనివార్య సందర్భములలో సడలింపవచ్చునని సుప్రీముకోర్టు 2005లో చెప్పెను. ఆ మినహాయింపే నేడు నియమమై కూర్చున్నది. జాప్యము చేసినవాడు ఎదుటిపక్షమునకు ఖర్చులిచ్చి కాని ముందుకు సాగరాదని 35బి సెక్షను 1976 సవరణనుండి గ్రంథస్థమై యున్నది. దానిని ప్రయోగించుటయే అరుదు.

కావున మా సూచనలు కొత్తవి గావు. వాయిదా కోరినవాడు ఎదుటివాని ఆనాటి కూలిని, బస్సుకూలిని, సాక్షి బత్తాను నిజముగా లెక్కగట్టి అచటనే చెల్లింపవలెను. నూరు రూపాయల నామమాత్రపు ఖర్చు వాయిదాకు శిక్షగాదు, టిక్కెట్టు. ఒక పూటలో వినగలిగినన్ని వ్యవహారములే ఆ పూటకు పిలిచి, కక్షిదారునకు గంట నిర్ణయించి చెప్పవలెను. న్యాయాధిపతి సెలవులో నున్నను కోర్టు జరుగకున్నను ముందునాటి సాయంకాలమే కక్షిదారుని చేతిఫోనునకు వార్త పోవలెను. ఇందుకు కావలసిన యంత్రసామగ్రి నేడు ప్రతి జిల్లాలోను కలదు. న్యాయవాదుల ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమున, జిల్లాలలో సంఘముల నేర్పరుపవలెనని సుప్రీముకోర్టు 2023లో హైకోర్టుల కాజ్ఞాపించెను. ఆ సంఘములు కాగితముల మీద గాక కార్యమున పనిచేసినచో బహిష్కారమునకు సాకు మిగులదు. ప్రతి జిల్లా కోర్టును ఏటేట జరుగవలసిన దినము లెన్నియో, జరిగిన దినము లెన్నియో, ఏ కారణమున నెన్ని పోయినవో ప్రజలకు ప్రకటింపవలెను.

కూలివానికి దినమే ఆస్తి. ఆ యాస్తిని దొంగ అపహరించినచో న్యాయస్థానము శిక్షించును. న్యాయస్థానమే తన ద్వారమున దానిని హరించునప్పుడు కూలివాడు మొరపెట్టుకొనుటకు మరియొక ద్వారము లేదు. న్యాయాధిపతులు, న్యాయవాదులు, ప్రభుత్వమువారు మువ్వురును ఈ విషయము గుర్తెరిగి, కక్షిదారుని దినమునకు వెల గలదని తమ నడవడిచే ఒప్పుకొందురుగాక.