హమ్మస్ అను శనగముద్ద



నేటి ప్రసంగవిషయము ఒక భోజ్యపదార్థము. మధ్యధరా సముద్రపు తూర్పుతీర ప్రాంతమున లెబనాను, సిరియా, పాలస్తీనా, ఇజ్రాయేలు, జోర్డాను దేశములు కలవు. అచ్చట ధనికులును పేదలును సమముగ భుజించు శనగముద్దకు హమ్మస్ అని పేరు. అరబ్బీ భాషయందు ఆ పదమునకు శనగ యనియే యర్థము. పూర్తి నామము ‘హుమ్ముస్ బి తహీనా’, అనగా తహీనాతో కూడిన శనగ. తహీనా యను మాట ‘విసరుట’ యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. నువ్వులను మెత్తగా విసరగా వచ్చిన ముద్దకు అది పేరు. కావున ఈ వంటకము యొక్క నామమునందే పాకవిధానము సగము ఇమిడియున్నది.

పరదేశపు వంటకముతో మనకేమి ప్రయోజనమని కొందరు పెద్దలు శంకింపవచ్చును. ప్రయోజనము కలదు. పండ్లు సడలినవారు మొట్టమొదట మానివేయునవి శనగలు, ఉలవలు మున్నగు గట్టి గింజలు. మజ్జిగన్నముతో కడుపు నిండును గాని శరీరమునకు కావలసిన మాంసకృత్తులు చాలవు. అవి చాలనిచో వృద్ధాప్యమున కండ త్వరగా కరగును. కండ కరగినచో కాలు తడబడును. తడబడి పడినవాడు మంచము పట్టును. శనగను నమలకయే తినుటకు వీలగు ఉపాయములలో హమ్మస్ మేలైనది.

ఇక విధానము. పెద్దగింజ కాబూలీ శనగలు 250 గ్రాములు తీసికొని, మూడింతల నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. ఉదయమున ఆ నీరు పారబోసి, శనగలను కడిగి, క్రొత్తనీటిలో అరచెంచాడు వంటసోడా వేసి ఉడికింపవలెను. నానిన నీరు పారబోయుటచే కడుపుబ్బరము కొంత తగ్గును. సోడా క్షారగుణము కలది గనుక గింజ గోడలను కలిపియుంచు జిగురు పదార్థమును కరగించును. అందుచే పొట్టు సడలి గింజ వెన్నవలె మెత్తబడును. మోతాదు మించినచో సబ్బు రుచి వచ్చును. వ్రేళ్లనడుమ నొక్కినంతనే గింజ నలిగిపోవు వరకు ఉడుకవలెను. నీటిపై తేలిన పొట్టును తీసివేయుట మంచిది. అలంకారమునకై గుప్పెడు గింజలను వేరుగ నుంచవలెను.

తహీనా కొరకు పొట్టుతీసిన తెల్లనువ్వులు 150 గ్రాములు సన్నని సెగపై దోరగా వేయించి, నూనె విడుచునంతవరకు రుబ్బవలెను. నువ్వులు ఎర్రబడినచో ముద్ద చేదగును. పిమ్మట ఆ ముద్దలో రెండు నిమ్మకాయల రసము, మూడు వెల్లుల్లి రేకలు, తగినంత ఉప్పు చేర్చి కలుపవలెను. రసము తగులగనే ముద్ద గట్టిపడి విరిగినట్లు కానవచ్చును. దానిని చూచి పాడైనదని భయపడరాదు. చల్లని నీటిని చెంచా చెంచాగా పోయుచు కలిపినచో అది మరల వదులై తెల్లబారును. అప్పుడు వెచ్చని శనగలను చేర్చి మీగడవలె అగువరకు రుబ్బవలెను. శనగలు చల్లారిన పిమ్మట రుబ్బినచో పలుకు మిగులును.

దీనిని వడ్డించుటయు ఒక కళయే. వెడల్పు పళ్లెములో ముద్దను పరచి, చెంచా వెనుకభాగముతో నడుమ గుంటచేసి, అందు ఆలివ్ నూనె పోయుదురు. పైన అట్టిపెట్టిన శనగలు, జీలకర్రపొడి, కొత్తిమీరను బోలిన పార్స్లీ ఆకు, సుమాక్ అను ఎర్రని పుల్లని పొడి చల్లుదురు. సన్నగా తరిగిన టొమాటో, దోస, ఉల్లికాడలు, ఆలివ్ కాయలు చేర్చుటయు కలదు. లెబనానునందు కొందరు నేతిలో వేయించిన పైన్ గింజలు వేయుదురు. పచ్చికూరలను తినుటకు ముందే వేయవలెను. ముందుగ వేసినచో నీరూరి ముద్ద పలుచబడును. పలుచని గోధుమ రొట్టెను త్రుంచి, దానితో అద్దుకొని తిందురు. శనగయందు కొరతపడు ఒక మాంసకృత్తు అంశము నువ్వులయందు సమృద్ధిగ నుండుటచే ఈ రెంటి కలయిక మిక్కిలి యుక్తమైనది.

ఈ వంటకము ఎవరిదని పెద్ద వివాదము చెలరేగినది. 2008లో లెబనాను పారిశ్రామికులు ఈ పేరు తమ దేశమునకే చెందవలెనని వాదించిరి. 2010 జనవరిలో యెరూషలేము సమీపమునందలి అబూఘోష్ గ్రామమున సుమారు 4 టన్నుల హమ్మస్ చేసి రికార్డు స్థాపించిరి. ఆ సంవత్సరము మే నెలలో లెబనాను వంటవారు 10 టన్నులకు పైగా చేసి దానిని మించిరి. అయితే శనగ సాగు నేటి తుర్కీ ఆగ్నేయభాగమున సుమారు 10,000 సంవత్సరములకు పూర్వమే మొదలైనది. ఈ సరిహద్దులన్నియు దానికి నిన్నమొన్నటివి. పొలము గట్టుకై పోరాడు అన్నదమ్ములు ఒకే కుండలోని కూడు తిన్నవారే కదా!

మనకును శనగతో సంబంధము తక్కువది కాదు. 1972లో హైదరాబాదు చెంత పటాన్‌చెరువున నెలకొన్న అంతర్జాతీయ పరిశోధనాసంస్థ, ఇక్రిశాట్, పరిశోధించు ముఖ్య పంటలలో శనగ యొకటి. ప్రకాశము జిల్లా నల్లరేగడి నేలలలో కాబూలీ శనగ పండుచున్నది. పండించిన రైతు బస్తాలన్నియు అంగడికి పంపక, నాలుగు శేరులు తన యింటి ముసలివారికై ఉంచుకొనుట ధర్మము.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగించెదను. వేసవిలో ఈ ముద్దను ఒక గంటకు మించి బయట నుంచరాదు. శీతలపేటికలో మూడుదినములు నిలుచును. రక్తపుపోటు గలవారు ఉప్పు తగ్గింపవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడిగి తినవలెను. నువ్వులు పడనివారు దీని జోలికి పోరాదు. ఆలివ్ నూనె దొరకనిచో మంచినూనె వాడవచ్చును. రుచి మారును గాని గుణము చెడదు. మొదటిసారి రెండుమూడు చెంచాలతో ఆరంభించి, జీర్ణమగు కొలది పెంచుకొనుడు.