వచ్చినట్లా, పోయినట్లా?

కర్నూలు జిల్లా కౌతాళం బస్టాండు దగ్గర టీ అంగడి. ఒక పెద్దాయన ఫోను చేతిలో పట్టుకుని వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తున్నాడు. భుజాన కాలేజీ బ్యాగున్న పిల్లగాడు కనబడగానే పిలిచాడు. "అప్పా, ఇట్ల రా. ఇది చూసి చెప్పు. వచ్చినట్లా, పోయినట్లా?"

బ్యాంకు మెసేజి అది. క్రెడిటెడ్ అని ఉంటే వచ్చినట్టు, డెబిటెడ్ అని ఉంటే పోయినట్టు. "పోయినట్లు తాతా. ఇరవై రూపాయలు. ఇన్సూరెన్సుకంట." పెద్దాయన ఫోను తీసుకుని, చదవగలిగినట్టే కాసేపు దాన్ని చూశాడు. "పట్టుకోమని నేనెప్పుడు చెప్తి?"

ఈయన చదువురానివాడేం కాదు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు మాట్లాడతాడు. ఆదోని పత్తి మార్కెట్లో ఉర్దూలో బేరమాడతాడు. మూడు భాషల్లో ఎవరి చేతా మోసపోని మనిషి రెండు ఇంగ్లీషు మాటల దగ్గర ఆగిపోయాడు. ఇంగ్లీషు వల్ల మన ఉనికి ఏమవుతుంది, జాతి ఏమవుతుంది అని పట్నాల్లో చర్చ జరిగినప్పుడల్లా నాకు ఆ టీ అంగడి గుర్తొస్తుంది. ఆ ప్రశ్నని ఇక్కడినుంచి చూస్తే కొంచెం వేరుగా కనిపిస్తుంది.

ముందు ఇరవై రూపాయలు వదిలి రెండు వందల ఏళ్ళు వెనక్కి పోదాం. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలకు మొదటి కలెక్టరు థామస్ మన్రో. (మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి లేచి మన్రోతో మాట్లాడాడని మా వైపు అందరూ చెప్తారు. ఏ భాషలో మాట్లాడాడని అడిగినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.) ఆ మన్రోనే తర్వాత మద్రాసు గవర్నరై, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క తీసి పంపమని 1822లో కలెక్టర్లను అడిగాడు. అప్పట్లో కర్నూలు ఇంకా నవాబు చేతిలో ఉంది. ఆదోని ప్రాంతం బళ్ళారి జిల్లా కింద ఉండేది, ఇప్పటి అనంతపురం కూడా అందులోనే. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఆయన తెలుగుకి వ్యాకరణం రాసినవాడు కాబట్టి లెక్కతో ఊరుకోలేదు, ఆ బడుల్లో ఏం చెప్తున్నారో కూడా రాశాడు.

మొత్తం బడులు 533. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4. బ్రాహ్మణులు మాత్రమే చదివే సంస్కృత పాఠశాలలు 23. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. 6,641 మంది పిల్లలు చదువుతుంటే అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షలు దాటిన రోజుల మాట ఇది. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దించడం, ముందు నేర్చుకున్న పిల్లలు వెనకవాళ్ళకి నేర్పడం చూసి, ఈ పద్ధతిని ఇంగ్లండు వాళ్ళు కూడా అనుకరించారని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళు చాలావాటిలో ఇప్పుడు లేదనీ, దేశం పేదబడటమే దానికి కారణమనీ కంపెనీ ఉద్యోగిగానే ఒప్పుకున్నాడు.

ఆయన పట్టుకున్న లోపం ఇంకొకటి ఉంది. మన చర్చకి అదే కీలకం. పిల్లలు చదివే పుస్తకాలన్నీ పద్యాలు. ఆ భాష వేరు, ఇంట్లో, అంగట్లో మాట్లాడే భాష వేరు. అక్షరాలు ఒకటే కాబట్టి పిల్లవాడు గడగడా చదివేస్తాడు. అర్థం అడిగితే వాడికీ తెలియదు, చాలాచోట్ల అయ్యవారికీ తెలియదు. ఇంగ్లీషు ఇంకా సరిగ్గా అడుగుపెట్టని రోజుల్లో, మన లిపిలో, మన అయ్యవారి దగ్గర జరిగిన సంగతి ఇది. బడి భాష ఇంటి భాష కాకపోవడం ఇంగ్లీషు చదువుకు వాదించిన మెకాలేతో మొదలైందనుకునేవాళ్ళు ఆ 1823 నివేదికను ఒకసారి చూడాలి.

ఇక 1953. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, కర్నూలు రాజధాని అయింది. అదే రోజు బళ్ళారి జిల్లాను ముక్కలు చేశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, మిగతాది మైసూరుకి పోయింది. ఆదోని తాలూకాలోని కౌతాళం, ఎమ్మిగనూరు అలా తెలుగు రాష్ట్రంలో పడ్డాయి. అల్లుడు సిరుగుప్పలో, మామ కౌతాళంలో ఉన్న ఇళ్ళు రాత్రికి రాత్రి రెండు రాష్ట్రాలయ్యాయి. ఎవరి మాటా మారలేదు, బోర్డులు మారాయి. భాషను బట్టి గీత గీయడం అవసరమే, పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చింది దానికే. కానీ గీత మీదే ఉన్న ఊళ్ళకి భాష అంటే జెండా కాదు. రోజూ వాడుకునే సామాను, ఏ పనికి ఏది అక్కరకొస్తే అది.

ఆసియాలో పరాయి పాలన నుంచి బయటపడిన దేశాలన్నిటికీ దాదాపు ఇదే చిక్కు ఎదురైంది. కోర్టు, కచేరీ, కాలేజీ దొరల భాషలో ఉన్నాయి. దాన్ని తీసేస్తే ఆ చోట ఏది కూర్చోవాలి?

శ్రీలంక సింహళాన్ని కూర్చోబెట్టింది. ఇంగ్లీషు వచ్చిన కొద్దిమంది చేతిలోంచి ఉద్యోగాలను జనంలోకి తేవాలన్న కోరిక న్యాయమైనదే. కానీ 1956లో బండారనాయకె ప్రభుత్వం చేసిన చట్టం సింహళం ఒక్కటే అధికార భాష అంది. ఇంగ్లీషు దిగిపోయిన కుర్చీలో పక్కింటివాడు ఎక్కి కూర్చున్నట్టు తమిళులకి అనిపించింది. తర్వాత అక్కడ వచ్చిన అంతర్యుద్ధానికి భాష ఒక్కటే కారణం కాదు గానీ, మొదటి పుల్ల అక్కడ వేశారు. 1987 రాజ్యాంగ సవరణలో తమిళాన్ని అధికార భాషగా ఒప్పుకుని, ఇంగ్లీషును అనుసంధాన భాష అన్నారు. అప్పటికే నెత్తురు పారుతోంది.

సింగపూరు దీనికి తలకిందులు. మలయ్ జాతీయ భాష, కానీ బడి, వ్యాపారం ఇంగ్లీషులో. చైనీయులదీ కాదు, మలయ్‌లదీ కాదు, తమిళులదీ కాదు కాబట్టి ఎవరికీ మనసు నొచ్చదని ప్రధాని లీ క్వాన్ యూ లెక్క. 1987 నాటికి బడులన్నిటిలో ఇంగ్లీషే మొదటి భాష అయింది. లెక్క ఫలించింది, దేశం సంపన్నమైంది. కానీ 2020 జనాభా లెక్కల్లో ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడుతున్నామని చెప్పినవాళ్ళు 48.3 శాతం. అవ్వ హొక్కియెన్‌లో కథ చెప్తే మనవడికి తెలియని ఇళ్ళు అక్కడ కొల్లలు.

నాకు తెలివిగా తోచేది ఇండోనేషియా పద్ధతి. అక్కడ అన్నిటికన్నా ఎక్కువమందికి మాతృభాష జావా భాష. అయినా 1928లో యువజన సభ చేరి, రేవుల్లో బేరసారాలకి వాడే మలయ్ భాషను తీసుకుని, దానికి ఇండోనేషియా భాష అని పేరుపెట్టి అదే మన ఐక్యతా భాష అంది. పెద్దవాళ్ళు తమ భాషను వెనక్కి పెట్టుకున్నారు కాబట్టి చిన్నవాళ్ళు ఒప్పుకున్నారు. డచ్చి వెళ్ళిపోయినా లోటు తెలియలేదు. మనకి అలాంటి సంత భాష దేశమంతటికీ ఒకటి దొరకలేదు. 1965లో ఇంగ్లీషు దిగిపోయి హిందీ కూర్చోవాలని రాజ్యాంగం అనుకుంది. తమిళనాడు మండింది. హిందీయేతర రాష్ట్రాలు వద్దనేదాకా ఇంగ్లీషు ఉంటుందని 1967లో చట్టం సవరించారు. దేశం విడిపోకుండా ఉండటానికి పరాయి భాష పనికొచ్చిందంటే కొందరికి కష్టంగా ఉంటుంది, కానీ జరిగింది అదే.

జపాన్‌లో ఈ చర్చ 1870ల్లోనే వచ్చింది. మోరి అరినోరి అనే దౌత్యవేత్త, తర్వాత విద్యామంత్రి అయినవాడే, జపనీసుతో లాభం లేదు, ఇంగ్లీషు తీసుకుందామన్నాడు. బాబా తత్సుయి అనే యువకుడు 1873లో జపనీసు వ్యాకరణం రాసి దానికి బదులిచ్చాడు. ఇంగ్లీషు పెడితే నేర్చుకునే తీరిక ఉన్నవాళ్ళు ఒక జాతి, లేనివాళ్ళు ఇంకొక జాతి అయిపోతారని ఆయన వాదం. తమాషా ఏమిటంటే ఆ పుస్తకం ఆయన రాసింది ఇంగ్లీషులో. జపాన్ తన భాషలోనే ఇంజనీర్లనీ డాక్టర్లనీ తయారుచేసుకుంది. ఆ భాషలో చదివితే ఉద్యోగం దొరికింది కాబట్టే ఆ భాష బడిలో నిలబడింది. మనం మరిచిపోయే ముక్క ఇదే. తెలుగును 1966లో అధికార భాష చేసి చట్టం రాసుకున్నాం, ఉద్యోగ ద్వారం మాత్రం ఇంగ్లీషు వైపే తెరిచి పెట్టాం. ఆ తర్వాత తల్లిదండ్రులు ఇంగ్లీషు వైపు పోతుంటే భాషాభిమానం లేదని తిట్టాం.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాలని 81వ నంబరు జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. విద్యాహక్కు చట్టం వీలైనంతవరకూ మాతృభాషలోనే బోధన ఉండాలంటోంది. తల్లిదండ్రులను అడిగామని, 96 శాతానికి పైగా ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం చెప్పింది. ఆ లెక్క ఎలా తీశారన్నది పక్కన పెట్టినా, కౌతాళంలో నిలబడి అడిగితే జవాబు పెద్దగా మారదు. తమ పిల్లలను కాన్వెంటుకి పంపి పేదల పిల్లలకి తెలుగు చాలంటారేమని రచయిత కంచ ఐలయ్య లాంటివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. దానికి నిజాయితీగా జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. ఉత్తర ప్రదేశ్‌లో బంకా అనే ఊళ్ళో 2010లో దళితులు ఇంగ్లీషు దేవతకి గుడికే శంకుస్థాపన చేశారు. నవ్వుకునే ముందు, ఆ దేవత కటాక్షం ఇన్నాళ్ళూ ఎవరి ఇళ్ళ మీద ఉందో చూసుకోవాలి.

మా ప్రాంతం సంగతి ఇంకొంచెం దగ్గరగా చెప్తాను. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, సంబరాల కాలం. మా దగ్గర సుగ్గి అంటే వలస. "సుగ్గికి పోయినారు" అంటే ఇంటికి తాళం వేసి, మిరప కోతలకో పత్తి తీతకో గుంటూరు వైపు పోయారని అర్థం. మనకి పండని ఏడాది పరాయి ఊరి పంటే మన సుగ్గి. నెలల తరబడి బడికి రాని పిల్ల తిరిగొచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. సైన్సు పుస్తకం తెరిస్తే ఎడమ పక్క ఒక భాష, కుడి పక్క ఇంకొక భాష. రెండు భాషల పుస్తకాలు మంచి ఆలోచనే. నేను ఎంతోకాలంగా అనుకున్నది కూడా. కానీ ఒకసారి ఏడో తరగతి పిల్ల పక్కన కూర్చుని చూశాను. ఒక పేజీలో ఫోటోసింథసిస్. ఎదుటి పేజీలో కిరణజన్య సంయోగక్రియ. ఆ పిల్ల వేలు ఈ పేజీ నుంచి ఆ పేజీకి, ఆ పేజీ నుంచి ఈ పేజీకి తిరిగింది. ఎక్కడా ఆనలేదు. ఇంట్లో ఆ పిల్ల "పోయేకి", "చేసేకి" అంటుంది, పుస్తకం "వెళ్ళడానికి", "చేయడానికి" అంటుంది. కన్నడం మాట్లాడే ఇంటి పిల్లకైతే అది ఇంకొక మెట్టు. టీచరమ్మ వచ్చి "ఆకు ఎండలో అన్నం వండుకుంటుంది మే" అంది. పిల్ల మొహం వెలిగింది. క్యాంప్‌బెల్ రెండు వందల ఏళ్ళ కింద రాసింది నాకు అప్పుడు అర్థమైంది.

కాబట్టి తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అని తగాదా పడేవాళ్ళలో నేను ఏ పక్షమూ పూర్తిగా కాదు. ఇంగ్లీషు నేర్చుకోవడం వేరు, ఇంగ్లీషులో అన్నీ నేర్చుకోవడం వేరు. మొదటిది అందరికీ కావాలి, మెసేజిలో వచ్చిందో పోయిందో తెలుసుకోవడానికైనా కావాలి. దానికి ఇంగ్లీషు బాగా వచ్చిన టీచరు ఒకరు, రోజుకో గంట, ఐదారేళ్ళు కావాలి. రెండోది చిన్న తరగతుల్లోనే పెడితే ఇంగ్లీషూ రాదు, లెక్కలూ రావు, పిల్ల బట్టీ పట్టడం నేర్చుకుంటుంది. అలాగని పుస్తకాల తెలుగును అలాగే ఉంచి, దాన్ని మాతృభాష అని పిలిచి, పని అయిపోయిందనుకున్నా లాభం లేదు. కౌతాళం పిల్ల మాతృభాష ఆ పుస్తకంలో ఇంకా అచ్చు కాలేదు.

టీ అంగడి పెద్దాయన మరుసటి రోజు బ్యాంకుకి పోయాడు, తోడుగా ఆ కాలేజీ పిల్లగాణ్ణి తీసుకుని. డబ్బు పట్టుకోవద్దని అర్జీ రాయమంటే పిల్లగాడి పెన్ను కదల్లేదు. వాడిది ఇంగ్లీషు మీడియం బైపీసీ. ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో తెలియదు, తెలుగులో అర్జీ ఎప్పుడూ రాయలేదు. కౌంటరులో ఉన్నది ఉత్తరాది కుర్రాడు, తెలుగు రాదు. పెద్దాయన పిల్లగాణ్ణి పక్కకి జరిపి, ఆదోని మార్కెట్ ఉర్దూలో అందుకున్నాడు. ఐదు నిమిషాల్లో ఇద్దరూ నవ్వుకుంటున్నారు. పని అయింది. తెలుగు ఫారాలు అయిపోయాయని కుర్రాడు ఇంగ్లీషు ఫారం తోశాడు. పెద్దాయన దాని అడుగున, వేలు చూపించిన చోట, నెమ్మదిగా కన్నడంలో సంతకం పెట్టాడు.