ఇంటి ధర – బడి దూరము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పినారు. విజయవాడ గృహస్థునకు ఈ రెంటికి తోడు మూడవ పరీక్ష యొకటి వచ్చినది. బిడ్డకు బడి చూడవలెను. ఆ బడికి దగ్గరగా ఇల్లు చూడవలెను. బందరు రోడ్డున పటమట దాటి కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు వరకును, ఏలూరు రోడ్డున ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి వరకును స్థలము గాని ఫ్లాటు గాని అమ్మజూపువారు తరచుగా చెప్పు మాట "బడి పక్కనే యున్నది" అనునది. ఆ మాట పేర ధరలో కొంత సొమ్ము అదనముగా చేరుచుండును. ఆ అదనపు సొమ్మునకు ప్రతిగా మనకు దక్కునదేమి? ఈ ప్రసంగమున విచారింపదలచిన విషయమిదియే.

చదువు కొరకు పట్టణమునకు తరలివచ్చుట కృష్ణా డెల్టా కుటుంబములకు క్రొత్త కాదు. 1855లో ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప, వరి పండించి కూడబెట్టిన ధనము కొంత భూమి మీదికిని, కొంత పిల్లల చదువు మీదికిని పోయినది. విజయవాడలో 1937లో ఎస్.ఆర్.ఆర్. కళాశాలయు, 1953లో ఆంధ్ర లొయోలా కళాశాలయు, 1962లో మేరిస్ స్టెల్లా కళాశాలయు వెలసినవి. 1977లో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల ఏర్పడుటతో కానూరు విద్యాస్థానమైనది. 1986లో శ్రీచైతన్య సంస్థ ఈ నగరముననే ప్రారంభమైనది. పోటీ పరీక్షల చదువునకు హాస్టలును జతచేయు పద్ధతి పిమ్మట శివారులంతటను వ్యాపించినది. తండ్రి ఊరిలో వ్యవసాయము చూచుకొనుచుండగా, తల్లి పిల్లలతో పట్టణమున అద్దె యింట కాపురముండుట ఉయ్యూరు, గుడివాడ ప్రాంతములవారెరిగినదే. 2014లో రాష్ట్ర విభజన జరిగి, రాజధాని ఈ ప్రాంతమునకు వచ్చునన్నప్పుడు భూముల ధరలు ఒక్కసారిగా పైకెగసినవి. ఊరిలోని ఎకరము అమ్మి నగరమున ఫ్లాటు కొనదలచువారు నాటినుండి మరింత జాగ్రత్తగా లెక్క చూచుకొనవలసి వచ్చినది.

అమెరికాలో ప్రభుత్వ పాఠశాల ప్రవేశమునకు సాధారణముగా ఇంటి చిరునామాయే ఆధారము. వీధికి ఈవలి బిడ్డ ఒక బడికి, ఆవలి బిడ్డ వేరొక బడికి పోవలసియుండును. బోస్టన్ నగర శివారులలో ఇట్టి హద్దులకు ఇరువైపులనున్న ఇండ్ల ధరలను పోల్చి, సాండ్రా బ్లాక్ అను ఆర్థిక శాస్త్రవేత్త 1999లో ఒక పరిశోధన ప్రకటించినారు. పరీక్షల మార్కులు అయిదు శాతము హెచ్చుగా నున్న బడి కొరకు తలిదండ్రులు ఇంటి ధరలో రెండు, రెండున్నర శాతము అధికముగా చెల్లించుచున్నారని ఆమె తేల్చినారు. అచట ఇల్లు కొనుటయనగా బడిలో చోటు కొనుటయే.

మన దేశమున సంగతి వేరు. ప్రైవేటు బడిలో చోటు రుసుమునుబట్టి దొరకునే గాని, ఇంటి దస్తావేజునుబట్టి దొరకదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రైవేటు బడులలో నాలుగవ వంతు స్థానములు బలహీన వర్గముల పిల్లలకు కేటాయించునపుడు మాత్రము ఇరుగుపొరుగు అను నియమము లెక్కకు వచ్చును. తక్కినవారికి బడి దగ్గర ఇల్లు కొనుట వలన దక్కునది బిడ్డకు మిగులు ప్రయాణ కాలము మాత్రమే. మనము వెలకట్టవలసినది ఆ కాలమునకే.

అది చిన్న వస్తువు కాదు. బిడ్డ బస్సులో పోవుటకు నలువది నిమిషములు, వచ్చుటకు నలువది నిమిషములు పట్టుననుకొందము. అయిదవ తరగతి వరకు ఏటికి కనీసము 200 పనిదినములు, 800 గంటల బోధన యుండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. రెండు వందల దినముల ప్రయాణము రమారమి 267 గంటలగును. అనగా బోధనా కాలములో మూడవ వంతు! ఆరేండ్ల పసివానికి ఆ గంటలు నిద్రలోనుండియు, ఆటలోనుండియు తెగిపోవుచున్నవి.

ఇక సొమ్ము సంగతి. ఒకే తీరు ఇండ్లు రెండున్నవనియు, బడి దగ్గరి యింటికి పది లక్షలు ఎక్కువ యనియు ఊహింపుడు. ఆ పది లక్షలు ఎనిమిదిన్నర శాతము వడ్డీకి ఇరువది యేండ్ల వాయిదాలతో తెచ్చినచో నెలకు రమారమి 8,680 రూపాయలు కట్టవలసియుండును. అసలు పోను వడ్డీయే పది లక్షల ఎనుబది వేలు దాటును. ఇద్దరు పిల్లల బస్సునకు నెలకు నాలుగు వేల చొప్పున, ఏడాదికి పది నెలలనుకొన్నను, పదేండ్లకు అగునది నాలుగు లక్షలే. ఇల్లు అమ్మునాడు అసలు పది లక్షలు తిరిగివచ్చునందురా? అది ఆ బడి అచటనే, అదే పేరుతో నిలిచియున్న మాట. అద్దె భవనములలో నడచు బడులు తరలిపోవచ్చును, ఇల్లు తరలదు.

మరియొక విశేషము. పిల్లవాడు ఇంటర్మీడియట్ చదువునకు హాస్టలులో చేరినచో, ఇల్లు ఆ ప్రహరీ గోడ పక్కనున్నను ఒకటే, అవనిగడ్డలోనున్నను ఒకటే. కావున బడి సామీప్యము మిక్కిలి అవసరమగునది మొదటి అయిదారేండ్లు. అయిదారేండ్ల అవసరమునకు అద్దె యిల్లు చాలును. ముప్పది యేండ్ల కొరకు కొను ఇంటిని నీరు, మురుగు కాలువ, పల్లము, ఉద్యోగస్థలము మొదలగువానినిబట్టి ఎంచవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగునగర్‌ను ముంచినప్పుడు పల్లపు భూమి సంగతి ఎల్లరకును తెలిసివచ్చినది.

ఇక మంచి బడి యేదియని తెలిసికొనుట యెట్లు? పత్రికలలో వచ్చు ర్యాంకుల ప్రకటన సంస్థకు చెందిన శాఖలన్నిటిదియు కావచ్చును. మీ వీధిలోని శాఖను గూర్చి అది యేమియు చెప్పదు. స్వయముగా పోయి అడుగుడు. తరగతికి ఎందరు పిల్లలు? ఉపాధ్యాయులు ఎన్నేండ్లుగా నున్నారు? గుర్తింపు ఏ తరగతి వరకు? భవనము సొంతమా, అద్దెయా? ఆటస్థలమున్నదా? పదవ తరగతి వరకు రుసుము ఎట్లు పెరుగును? ప్రతి బడికిని యుడైస్ అను పదకొండంకెల సంఖ్య కలదు. దాని ఆధారమున ఉపాధ్యాయుల సంఖ్య, వసతులు మున్నగు వివరములు ఎవరైనను చూడవచ్చును.

ఈ ప్రశ్నలు దగ్గరనున్న ప్రభుత్వ పాఠశాలలోను అడుగుడు. అచటి యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము మంది స్త్రీలుండవలెననియు చట్టము. బడిని చక్కజేసికొను అధికారము అట్లు కొంత మన చేతనే యున్నది. ఒక వాడ బడి బాగుపడినచో ఆ వాడలోని పిల్లలందరకును ప్రయాణ భారము తగ్గును. అదనముగా ధర చెల్లింపలేని యింటి బిడ్డకును ఆ మేలు దక్కును.

బడి పేర సొమ్మంతయు గోడలకు పోసి, పిదప రుసుమునకును పుస్తకములకును తడుముకొను స్థితి రారాదు. అసలు ఖర్చు చేయవలసినది బిడ్డ మీద. ఎకరము అమ్మకముందే కాగితము కలము తీసికొని, ఇంటి లెక్కను, బడి లెక్కను వేరువేరుగా వ్రాసి చూచుకొనుడు.